ఇంటి బావి నీటిలో మడ్డి: మూలాన్ని బట్టి నివారణ

పాపాఘ్ని నది పెన్నలో కలిసే కమలాపురం పరిసరాలలో నది ఇసుక, నల్లరేగడి, సున్నపురాయి దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి. అందువలన ఒక ఇంటి బావికి పనిచేసిన పద్ధతి పక్క వీధి బోరుకు పనికిరాకపోవచ్చు. మడ్డి స్వభావం తెలియకుండా వడపోత పరికరాన్ని సిఫారసు చేయడం రైతు కుటుంబానికి వృథా ఖర్చు. తేటగా కనిపించిన నీరు సురక్షితమని భావించడం అంతకన్నా ప్రమాదకరం.

గుర్తింపునకు ఒక గాజు సీసా చాలు. అప్పుడే తోడిన నీటిని నింపి కదలకుండా ఉంచాలి. నిలకడ నీటిలో సూక్ష్మ రేణువు దిగే వేగం దాని వ్యాసపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 0.1 మి.మీ. ఇసుక రేణువు మీటరు లోతుకు సుమారు 2 నిమిషాలలో దిగితే, 0.002 మి.మీ. బంకమన్ను రేణువుకు సుమారు 3 రోజులు పడుతుంది.

కొద్ది నిమిషాలలో అడుగున చేరేది ఇసుక. బోరులోని జల్లెడ గొట్టంలో లోపం, పంపు అడుగుకు మరీ దగ్గరగా ఉండటం, అతివేగంగా తోడటం ఇందుకు ముఖ్య కారణాలు. పంపును కొంత పైకి జరిపి, తోడే వేగాన్ని తగ్గించి చూడాలి.

గంటలు గడిచినా తేరని కలక సాధారణంగా బంకమన్ను. దీని రేణువులపై ఉండే ఋణావేశం వాటిని దగ్గరకు చేరనివ్వదు. పటిక ఆ ఆవేశాన్ని తగ్గించి రేణువులను గుంపులు కట్టిస్తుంది. మట్టికుండలో చిల్లగింజను అరగదీసే పాత అలవాటు ఫలితమూ ఇదే. 10 గ్రాముల పటికను లీటరు నీటిలో కరిగించి, ఆ ద్రావణాన్ని 5 లీటరు సీసాల కలక నీటికి వరుసగా 1 నుండి 5 మి.లీ. చొప్పున కలిపితే, లీటరుకు 10 నుండి 50 మి.గ్రా. మోతాదులు వస్తాయి. బాగా తేరిన వాటిలో అతి తక్కువ మోతాదును ఎంచుకోవాలి.

తోడినప్పుడు తేటగా ఉండి, గాలి తగిలిన తరువాత ఎరుపు గోధుమ రంగుకు మారితే అది ఇనుము. నీటిని జల్లుగా పోసి గాలి పట్టించి, ఇసుక గుండా వడకట్టాలి. కాచినప్పుడు మాత్రమే తెల్లని పొర కడితే అది కరిగి ఉన్న కాఠిన్యం. బట్టగానీ, ఇసుకగానీ దానిని ఆపలేవు.

వాన కురిసిన వెంటనే బావి కలకబారితే ఉపరితలపు మురికినీరు లోనికి చేరుతున్నట్లే భావించాలి. ముందుగా ఒర పగుళ్లు పూడ్చి, చుట్టూ నీరు బయటికి పారేలా చప్టా కట్టాలి. తాగునీటి కలక 1 ఎన్.టి.యు. మించరాదని, వేరే ఆధారం లేనప్పుడు 5 వరకు అనుమతించవచ్చని ఐ.ఎస్. 10500:2012 ప్రమాణం చెబుతుంది. కలక నీటిలో క్రిములు రేణువుల మాటున క్లోరిన్‌కు చిక్కకుండా తప్పించుకుంటాయి. కాబట్టి తేర్చిన తరువాతనే క్లోరిన్ కలపాలి. అర గంట తరువాత లీటరుకు 0.5 మి.గ్రా. శేష క్లోరిన్ ఉండాలి.

విస్తరణ కార్యకర్త ఇంటివారిని మొదట అడగవలసింది ఏ ఫిల్టరు వాడుతున్నారని కాదు, నీరు ఎప్పటినుండి, ఏ సమయంలో కలకబారుతున్నదని.