తప్పులన్నీ లెక్క ప్రకారమే: చిన్న గదిలో పుట్టిన హత్య నాటకం

భవంతిలో హత్య జరిగింది. శవం సోఫా మీద ఉంది. చీకట్లో ఎవరో చెయ్యి తొక్కేసరికి శవం మూలిగింది. తలుపు తెరుచుకోదు. గోడకు తగిలించినవి ఒక్కొక్కటే ఊడి పడుతుంటాయి. అయినా నటులెవరూ నాటకం ఆపరు.

2014 నుంచి లండన్ డచెస్ థియేటర్‌లో ఆడుతున్న 'ద ప్లే దట్ గోస్ రాంగ్' ఇది. మన సంఘాల వార్షికోత్సవాలకు నాటకం వేసేవారు దీని గుట్టు తెలుసుకోవాలన్నదే మా ఉద్దేశం.

అరవై సీట్ల గది నుంచి

దీన్ని రాసింది హెన్రీ లూయిస్, జొనాథన్ సేయర్, హెన్రీ షీల్డ్స్ అనే ముగ్గురు నటులు. 2012లో వారి మిస్చీఫ్ బృందం లండన్‌లోని ఓల్డ్ రెడ్ లయన్‌లో దీన్ని మొదట ఆడింది. అది ఒక పబ్బు మేడ మీది నాటకశాల, సుమారు 60 సీట్లది. అప్పటికి ఇది గంటసేపటి నాటిక మాత్రమే. తర్వాత పెంచి రెండు అంకాలు చేశారు. 2015లో ఉత్తమ కొత్త హాస్య నాటకంగా ఒలీవియే అవార్డు వచ్చింది. 2017లో బ్రాడ్‌వేకు వెళ్ళినప్పుడు రంగాలంకరణకు టోనీ అవార్డు దక్కింది.

నాటకంలో నాటకం

కార్న్‌లీ అనే కల్పిత కాలేజీ నాటక బృందం 1920ల నాటి హత్య కథ ఒకటి ప్రదర్శిస్తుంది. ఇన్‌స్పెక్టర్ వస్తాడు, అందరినీ ప్రశ్నిస్తాడు, హంతకుడెవరో తేలాలి. ఒక నటి దెబ్బ తగిలి స్పృహ తప్పితే, స్టేజీ వెనుక పనిచేసే అమ్మాయి స్క్రిప్టు చేత పట్టుకుని ఆ వేషం వేస్తుంది. మరో నటుడు కష్టమైన మాటలు అరచేతిలో రాసుకుని, వాటినీ తప్పుగానే పలుకుతాడు. పైఅంతస్తు గది మనుషులతో సహా ఒరిగిపోతుంది.

ఇక్కడ ప్రతి నటుడూ రెండు పాత్రలు మోస్తున్నాడు. ఒకటి కథలోని ఇన్‌స్పెక్టరో, నౌకరో. రెండోది ఆ వేషం కట్టిన కాలేజీ కుర్రాడు. ఆ కుర్రాడికి నవ్వించాలని లేదు. ఎలాగైనా నాటకం పూర్తిచేసి పరువు దక్కించుకోవాలని ఉంది. అందుకే మనకు నవ్వొస్తుంది. అతను ప్రేక్షకుల వైపు చూసి కన్నుగీటితే ఆ నవ్వు పోతుంది.

కథ హత్య కావడానికీ కారణం ఉంది. హంతకుడు ఎవరన్న ప్రశ్న ప్రేక్షకుణ్ణి కూర్చోబెడుతుంది. ఆధారాలు చూపాల్సిన వేళ అవి దొరకవు. శవాన్ని మోసుకెళ్ళాల్సిన వేళ స్ట్రెచర్ చిరిగిపోతుంది. వరుసగా సాగాల్సిన కథ ఉంటేనే అది తప్పిందని తెలుస్తుంది.

మనకు కొత్త కాదు

తంజావూరు జిల్లా మెలట్టూరులో నరసింహ జయంతికి జరిగే భాగవత మేళాలో ఈనాటికీ తెలుగు నాటకాలే ఆడతారు. అక్కడ ముందు రంగం మీదికి వచ్చేది కోణంగి. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క కొట్టుకుంటుంటే పసిపిల్లలు కూడా నవ్వుతారు. ఒళ్ళు కదిపి నవ్వించడం మన పెద్దలు ఎరిగిన పనే.

ఇప్పుడు దాని అవసరం మరీ ఎక్కువ. మన పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుకుంటున్నారు. పద్యనాటకం పెడితే తాతగారు కళ్ళు తుడుచుకుంటారు, మనవడు ఫోను చూసుకుంటాడు. ఈ లండన్ నాటకంలో ఒకచోట నటుడు సంభాషణ మరిచి వెనక్కి వెళ్ళడంతో, అందరూ అవే మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తుంది. మూడోసారికి రాబోయే మాట ప్రేక్షకుడికే తెలిసిపోతుంది. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లవాడు అలాంటి చోట నవ్వుతూనే ఆ వాక్యం నేర్చుకుంటాడు.

వేయాలనుకుంటే

ఆ నాటకాన్నే తెలుగు చేసి ఆడాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. అంతకంటే సొంతంగా అరగంట నాటిక రాసుకోవడం సులువు. ఒక గది, ఒక హత్య, అయిదారుగురు మనుషులు చాలు. ముందు తప్పుల్లేకుండా మొత్తం రిహార్సల్ చేయండి. అది కుదిరాకే తప్పులు ఒక్కొక్కటిగా చేర్చండి. పడే వస్తువు ఎప్పుడు, ఎక్కడ పడుతుందో, అప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలో సుద్దముక్కతో గీసి పెట్టుకోండి. పడేది తేలికైన అట్టదై ఉండాలి. వెనుక నుంచి దాన్ని వదలడానికి ఒక మనిషి ఉండాలి. నిజంగా దెబ్బ తగిలితే హాల్లో నవ్వు ఆగిపోతుంది.

పెద్ద ఆడిటోరియం అద్దెకు తీసుకోనక్కరలేదు. సంఘం హాల్లో అరవై కుర్చీలు వేసినా సరిపోతుంది. వెనుక వరుసలోని అవ్వకు కూడా శవం వేలు కదలడం కనిపించాలి.