మాట చేరిందా? – బొమ్మ కారు రిమోటు నుంచి బోటు మీది ట్రాన్స్‌మిటరు దాకా

సైన్స్ ఎగ్జిబిషన్ దగ్గర పడిందంటే మన హాస్టల్ తమ్ముళ్ళు ఏదో ఒక పాత రిమోట్ కారు పట్టుకొని మా దగ్గరకు రావడం మామూలే. అది పాత సామాన్ల కొట్టులో దొరికిందో, ఎవరింట్లోనో మూలన పడేసిందో అయి ఉంటుంది. అడిగేది మాత్రం ఒకటే. "అన్నా, ఇది ఇంకా దూరం పోవాలంటే ఏం చెయ్యాలి?" కొందరు ముందే 9 వోల్టుల బ్యాటరీ తీసేసి 12 వోల్టులు పెట్టుకొని వస్తారు. ఇంకొందరు ఏంటెన్నాకు రాగితీగ చుట్టుకొని వస్తారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా ఈ సంచికలో ఒకచోట రాసిపెడితే మేలనుకున్నాము.

అసలు సంగతి ముందే చెప్తాము. పాత రిమోటుకు బలం చాలకపోవడం చిన్న లోపం. తాను ఎవరితో మాట్లాడుతున్నదీ దానికి తెలియదు, చెప్పిన మాట చేరిందో లేదో కూడా తెలియదు. పెద్ద లోపం అది.

రిమోటు విప్పి చూడండి. వెండి రంగులో చిన్న డబ్బాలాంటి క్రిస్టల్ కనిపిస్తుంది. దాని మీద చాలాసార్లు 27.145 అని ఉంటుంది. అంటే సెకనుకు 2 కోట్ల 71 లక్షల 45 వేల సార్లు ఊగే తరంగం. పక్కనే టీఎక్స్-2 రకం చిప్పు, 14 కాళ్ళది, ఉండవచ్చు. మీట నొక్కగానే ఈ చిప్పు ఆ తరంగాన్ని ఆపుతూ వదులుతూ గంట కొట్టినట్లు కొడుతుంది. ముందు నాలుగు పొడుగు దెబ్బలు, 'వినండి' అన్నట్లు. తర్వాత పొట్టి దెబ్బలు. అవి 10 అయితే ముందుకు, 40 అయితే వెనక్కు, 58 అయితే ఎడమకు, 64 అయితే కుడికి. కారులోని ఆరెక్స్-2 చిప్పు ఆ దెబ్బలు లెక్కపెట్టి మోటారు తిప్పుతుంది. ఇంతకుమించి అందులో ఏమీ లేదు.

మన భోజనాల గంట కూడా ఇంతే కదా. గంట ఎవరి పేరూ పిలవదు, విన్నవాళ్ళందరూ పళ్ళేలు పట్టుకొని వస్తారు. అందుకే ఒకే రకం కార్లు రెండు పక్కపక్కన పెడితే ఒక రిమోటుకు రెండూ కదులుతాయి. ఇద్దరు రెండు రిమోట్లు ఒకేసారి నొక్కితే దెబ్బలు కలిసిపోయి లెక్క తప్పుతుంది, కారు ఆగి ఆగి వణుకుతుంది. పైగా చౌక కార్లలో ఉండే రిసీవరు చెవి చాలా వెడల్పు. పక్క ఫ్రీక్వెన్సీలో మాట్లాడినా అదీ వింటుంది.

వోల్టులు పెంచితే గంట గట్టిగా మోగుతుంది, అంతే. ఎదుటివాడి కారుకూ గట్టిగా వినిపిస్తుంది, చిప్పు కాలిపోయే ప్రమాదమూ ఉంది. ఇక ఏంటెన్నా సంగతి. 27 మెగాహెర్ట్‌జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. సరైన ఏంటెన్నా అందులో నాలుగో వంతు, అంటే 2.8 మీటర్లు ఉండాలి. అంత కర్ర పట్టుకొని ఎవరాడతారు? అందుకని కంపెనీవాళ్ళు పొట్టి ఏంటెన్నా పెట్టి, లోపల ఒక తీగచుట్టతో సర్దుతారు. బయట మనం ఇంకో తీగ చుడితే ఆ సర్దుబాటు చెడి, ఉన్న దూరం కూడా తగ్గిపోవచ్చు.

ఇప్పటి రిమోట్లు 2.4 గిగాహెర్ట్‌జ్ మీద నడుస్తాయి. తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, నాలుగో వంతు 3 సెంటీమీటర్ల పైచిలుకు. బోర్డు మీద గీసిన చిన్న రాగి గీతే ఏంటెన్నా. మన దేశంలో 2005 నుంచి ఈ పట్టీలో తక్కువ బలంతో వాడుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. వైఫై, బ్లూటూత్ అన్నీ అక్కడే కిక్కిరిసి ఉన్నా ఒకదాని మాట ఒకదానికి తగలకపోవడానికి కారణం, ప్రతి మాట ముందూ అడ్రసు ఉండటం. కొత్త రిమోటు కొన్నప్పుడు కారుతో ఒకసారి 'బైండ్' చేస్తారు. ఆ రిమోటు నంబరును కారు గుర్తుపెట్టుకొని, ఇంకెవరు పిలిచినా పలకదు.

పాత కారును ఇలా మార్చుకోవచ్చు. రెండు ఆర్డునో నానో బోర్డులు, రెండు ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 రేడియో ముక్కలు, ఒక మోటారు డ్రైవరు బోర్డు, ఒక జాయ్‌స్టిక్ కావాలి. చౌక రకాలు చూసుకుంటే వెయ్యి రూపాయలు అటూ ఇటూ. ఇద్దరు ముగ్గురు కలిసి వేసుకుంటే భారం కాదు. పాత రిమోటు డబ్బా, కారు, మోటార్లు ఉంచుకొని లోపలి బోర్డులు తీసేయండి. రేడియో ముక్కకు 3.3 వోల్టులే ఇవ్వాలి, 5 ఇస్తే చచ్చిపోతుంది. దాని కరెంటు కాళ్ళ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి అతికించండి. ఇది లేకపోతే ఒకసారి పనిచేసి ఒకసారి చెయ్యక ప్రాణం తీస్తుంది. వేగం ఇప్పుడు జాయ్‌స్టిక్ ఎంత తోస్తే అంత వస్తుంది. మలుపు మాత్రం బొమ్మ కార్లలో పూర్తిగా ఎడమో, పూర్తిగా కుడో అన్నట్లే ఉంటుంది. కొంచెం కొంచెం తిరగాలంటే సర్వో మోటారు కూడా పెట్టాలి.

ఈ రేడియో ముక్కలో మాకు అన్నిటికన్నా నచ్చిన గుణం బదులు చెప్పడం. కారుకు మాట అందగానే 'అందింది' అని తిరిగి కబురు వస్తుంది. రాకపోతే రిమోటు మళ్ళీ పంపుతుంది, 15 సార్ల దాకా పంపేలా పెట్టుకోవచ్చు. ప్రోగ్రాములో ఇంకొక్క వరుస తప్పక రాయండి: అర సెకను పాటు ఏ మాటా రాకపోతే మోటారు ఆపెయ్యాలి.

ఒక బలహీనత కూడా ఉంది. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాన్ని నీళ్ళు, మనుషుల ఒళ్ళు బాగా పీల్చుకుంటాయి, ఇసుక దిబ్బ అడ్డమొస్తే ఆగిపోతుంది. మైపాడు బీచిలో దిబ్బ వెనకకు కారు పోతే, అర సెకను నియమమే దాన్ని కాపాడుతుంది.

బదులు కబురు విలువ బొమ్మ కారులో అంతగా తెలియదు. మన తీరంలో అది ప్రాణంతో సమానం. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల పాలేల్లో వేటకు పోయేవాళ్ళ ఇళ్ళల్లో ఇది అందరికీ తెలిసిన బాధే. ఒడ్డు నుంచి కొంత దూరం పోతే సెల్‌ఫోను పలకదు. అందుకని ఇస్రో ఆపద హెచ్చరిక ట్రాన్స్‌మిటరు తయారుచేసింది, పొట్టిగా డాట్ అంటారు. 2010 నుంచి వాడుకలో ఉంది, 20,000కు పైగా బోట్లకు చేరింది. మీట నొక్కితే బోటు ఎక్కడుందో, ఏ రకం ఆపదో ఉపగ్రహం ద్వారా బెంగళూరులోని కేంద్రానికి పోతుంది. అక్కడినుంచి కోస్ట్‌గార్డ్ వాళ్ళకు చెప్తారు. బొమ్మ రిమోటు కన్నా ఇది నయం, ఏ బోటు పిలుస్తోందో దాని గుర్తు నంబరు వెంట పోతుంది. కానీ తిరిగి కబురు లేదు. రాత్రిపూట బోటులోకి నీళ్ళు ఎక్కుతుంటే మీట నొక్కిన మనిషి ఏం చెయ్యాలి? వెతికేవాళ్ళకు దొరికేటట్లు ఉన్నచోటే ఉండాలా, ఇంజను ఆడినంతసేపు దరి వైపు పోవాలా? మాట చేరిందో లేదో తెలియకుండా ఆ నిర్ణయం ఎలా తీసుకుంటాడు?

2024 జనవరిలో ఇస్రో ప్రకటించిన రెండో తరం డాట్ ఈ లోటు తీర్చింది. మీట నొక్కినవాడికి 'అందింది' అని కబురు తిరిగి వస్తుంది. దానికి నావిక్ రిసీవరు తోడైంది. బోటు ఉన్న చోటు లెక్కకట్టేది, ఒడ్డు నుంచి వచ్చే సందేశం అందుకునేది అదే. నావిక్ వరుసలో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుంచే ఎగిరింది. అప్పుడు శ్రీహరికోట మన నెల్లూరు జిల్లాలోనే ఉంది, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. తుఫాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల వివరాలు కూడా ఈ కొత్త డాట్‌కు పంపవచ్చు. బ్లూటూత్‌తో సెల్‌ఫోనుకు కలిపితే సొంత భాషలో చదువుకోవచ్చు. బ్లూటూత్ అంటే మన కారుకు వాడిన 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీయే.

ఎగ్జిబిషన్‌లో జడ్జీలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. 'అందింది' అని వస్తే పని జరిగినట్లేనా? కాదు. కారులో మోటారు వైరు ఊడిపోయి ఉన్నా రేడియో 'అందింది' అనే అంటుంది. సముద్రంలోనూ అంతే, కబురు అందడం వేరు, కోస్ట్‌గార్డ్ ఓడ ఆ చోటికి చేరడం వేరు. రిమోటు మీద ఒక పచ్చ దీపం 'అందింది' అనడానికి, కారు చక్రం తిరిగితేనే వెలిగే ఇంకో దీపం 'కదిలింది' అనడానికి పెట్టండి. రెండో దీపానికి చక్రం దగ్గర చిన్న అయస్కాంతం, ఒక హాల్ సెన్సరు చాలు. ఆ వివరం బదులు కబురులోనే కలిపి పంపవచ్చు.

ఇంకొకటి. వేటకు పోయినవాళ్ళు చెప్పిన వేళకు రాకపోతే ఒడ్డున ఉన్నవాళ్ళు ఫోను చెయ్యాల్సిన కోస్ట్‌గార్డ్ నంబరు 1554. ఈసారి ఇంటికి పోయినప్పుడు గోడ మీద రాసిపెట్టి రండి.