టమోటా ధరలో గతితర్కం

‘ఈతూరి మన రాత బాగలేదప్పా!’ టమోటా ధర పడినప్పుడల్లా వాల్మీకిపురం పల్లెల్లో వినబడే మాట ఇది. రాత కాదు, కారణముంది. ఆ కారణాన్ని పట్టుకునే పద్ధతే గతితర్కం.

ఏ వస్తువునూ కదలకుండా, ఒంటరిగా ఉన్నట్టు చూడొద్దంటుంది గతితర్కం. మార్పులో చూడు, తక్కినవాటితో కలిపి చూడు, లోపలి వైరుధ్యాన్ని వెతుకు అంటుంది. హెగెల్ దాన్ని భావాల చరిత్రకు వర్తింపజేశాడు. మార్క్స్, ఎంగెల్స్‌లు మనిషి బతుకుకూ ఉత్పత్తికీ అన్వయించారు.

మదనపల్లె మార్కెట్టునే తీసుకోండి. 2023 జూలై ఆఖరుకు కిలో టమోటా నూరు రూపాయలు దాటింది. ఆ ధర చూసి ఇక్కడా, పక్క రాష్ట్రాల్లోనూ నాట్లు పెరిగాయి. సెప్టెంబరులో సరుకు వచ్చిపడింది, ధర కూలింది. అంటే ఎక్కిన ధర కడుపులోనే దిగే ధర ఉంది. ఒక రైతు అరెకరం ఎక్కువేస్తే మార్కెట్టు కదలదు. వేలమంది వేస్తే పరిమాణం గుణంగా మారుతుంది. బంగారమనుకున్న పంటకు కోతకూలీ రాదు.

ధర ఎక్కినప్పుడు కోసిన కూలీకి ఎంత పెరిగింది? పడినప్పుడు ముందు ఎవరి పని పోయింది? రైతుకూ కూలీకీ మధ్య తగవు నిజమే. ధర మీద పట్టు లేకపోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే. వీటిలో ఏది ప్రధాన వైరుధ్యమో తేల్చుకోవాలి.

‘అన్నీ మారతాయి, ఇదీ మారుతుంది’ అని కూచోడం గతితర్కం కాదు. నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి, కానీ పొయ్యిలో కట్టె ఎగదోసేవాళ్లుండాలి. ఎవరెంత నాటారు, కూలి ఎంత, మండీలో కమీషన్ ఎంత పోయింది? సంఘం సమావేశంలో ముందు ఈ లెక్క రాయండి.