గ్రహాంతరవాసము – పితృకర్మ : కృష్ణాతీర సంప్రదాయ పరిశీలనము

మృతులను స్మరించుటకు మన సంప్రదాయము మూడు ఆధారములను కల్పించినది: దేహము, దేశము, కాలము. మానవుడు కుజగ్రహమున నివసించునాడు ఈ మూడును సడలును. అప్పుడు శోకమునకు రూపమేది? ఈ ప్రశ్న కేవలము ఊహాజనితము కాదనియు, కృష్ణాతీరవాసులు దీనిని కొంత ఇదివరకే ఎదుర్కొనిరనియు ఇచట చూపదలచితిమి.

మొదటిది దేహము. 1977 నవంబరు 19 న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని బలిగొన్నది. ఎందరి దేహములో బంధువులకు దక్కలేదు. ఇట్టి సందర్భములకై ధర్మశాస్త్రము పర్ణనరదాహమును విధించినది. 360 మోదుగ కాడలతో మనుష్యాకృతిని కూర్చి, దానికే అగ్నిసంస్కారము చేయుదురు. దేహము దొరకకున్నను కర్తకు చేయదగిన పని యొకటి ఉండవలెననుటయే దీని ఆంతర్యము. రోదసిలో అదృశ్యులగువారి విషయమునను ఇదే మార్గము చాలును.

రెండవది దేశము. సంకల్పమున కర్త తానున్న చోటును పేర్కొనును. విజయవాడలో శ్రీశైలమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ ఉన్నది చెప్పుకొనును. అమెరికాకు వలసపోయిన తెలుగువారిలో పలువురు జంబూద్వీపమునకు మారు క్రౌంచద్వీపమని చెప్పుచున్నారు. స్థలనామము మారినది; సంకల్పపు కట్టు మారలేదు. కుజగ్రహమునకును ఇట్లే ఒక పేరు చేరగలదు.

మూడవదియగు కాలమే క్లిష్టము. తిథి చంద్రగతి ననుసరించునది. కుజునికి ఉపగ్రహములు రెండు. అచటి సంవత్సరము మన 687 దినములు. మరి ఆబ్దికము ఏ లెక్కన పెట్టవలెను? ఇందుకు పుష్కరము దారి చూపుచున్నది. బృహస్పతి కన్యారాశిని ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరము. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు విజయవాడ ఘట్టములలో అసంఖ్యాకులు పిండప్రదానములు చేసిరి. కాని బృహస్పతి కన్యలో ఉన్నాడనుట భూమిపై నిలిచి చూచువానికే సత్యము. కనుక ఎంత దూరమేగినను పితృకర్మకు భూమి పంచాంగమే ప్రమాణమని మా అభిప్రాయము. కుజునినుండి వార్త చేరుటకు 3 మొదలు 22 నిమిషములు పట్టినను బాధలేదు. దూరదేశ మరణములందు వార్త విన్న దినమునుబట్టి ఆశౌచమును నిర్ణయించు పద్ధతి మనకు కలదు.

అయితే శాస్త్రము పూరింపజాలని లోటొకటి మిగులును. పదవనాడు ఇంటికి వచ్చి, కర్తచెంత మౌనముగా కూర్చుండు బంధువులకు ప్రతినిధిగా ఏ ఆకృతిని కూర్చగలము? దేహమునకు మోదుగ కాడలు కలవు, తోడునకు లేవు. శ్రాద్ధమున తండ్రి, తాత, ముత్తాతల పేర్లు పలుకుదుము. ఆ పేర్లు ఎచటనైనను పలుకవచ్చును. అవి ఎరిగి వినువారు ఒక్కరైనను చెంత ఉండవలెను. భావికాలమున శోకమునకు రాగల అసలు కొరత ఇదియే.