చిక్కుడు పూయలేదని తీగ పెరకొద్దు

పందిరి నిండా అల్లుకున్న చిక్కుడు తీగ వినాయక చవితి దాటినా పూత పూయకపోవడంతో, అది గొడ్డుదని భావించి కొందరు గృహస్థులు మొదలంటా కోసివేస్తుంటారు. ఇది తొందరపాటు. ఆషాఢంలో విత్తిన నాటు పందిరి చిక్కుడు ఎంత ఏపుగా పెరిగినా, పగటి నిడివి తగ్గితే తప్ప పూతకు రాదు. సెప్టెంబరు 23 ప్రాంతంలో రేయింబవళ్లు దాదాపు సమానమవుతాయి. అటుపై రాత్రి పెరిగే కొద్దీ తీగ మొగ్గ తొడుగుతుంది. కార్తీకం మొదలు సంక్రాంతి వరకు ఇంటికి సరిపడా కాయ కాస్తుంది. రాత్రంతా వీధి దీపం వెలుగు పడే పెరట్లో మాత్రం పూత ఆలస్యం కావచ్చు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ వంటి పొట్టి రకాలకు పగటి నిడివితో నిమిత్తం లేదు.

పూత కోసమని యూరియా వేయడం మరో పొరపాటు. దానివల్ల ఆకు పెరుగుతుందే గాని పూత మరింత వెనుకబడుతుంది. అంతకంటే అక్టోబరు, నవంబరు నెలల తుపాను వానలకు ముందే పందిరి గుంజలను సరిచూసి, కట్లు బిగించుకోవడం మేలు. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది కనుక మొదట్లో మట్టి ఎగదోసి, పక్కన చిన్న కాలువ తీయాలి.

లేత కొనలపై నల్లని పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయాలి.

పందిరి పక్కన ఎండ తగిలే జాగాలో మెంతులు చల్లితే నెల తిరిగేసరికి కూరకు అందివస్తాయి. ధనియాలనైతే రెండు బద్దలయ్యేలా నలిపి విత్తాలి.