మీకు తెలుసా? - అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు

అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి ఆటల పోటీకి డబ్బు పెట్టింది ఒక రైల్వే కంపెనీ అని మీకు తెలుసా? 1852 ఆగస్టు 3న న్యూ హాంప్‌షైర్‌లోని విన్నిపసాకీ సరస్సులో హార్వర్డ్, యేల్ కుర్రాళ్లు పడవ పందెం వేసుకున్నారు. ఆ సరస్సు దాకా రైలు మార్గం వేసిన కంపెనీకి ప్రయాణికులు కావాలి. మీ రానూపోనూ ఖర్చులు, బస, భోజనం అన్నీ మావి, మీరొచ్చి పందెం వేసుకుంటే చాలు అంది కంపెనీ. హార్వర్డ్ గెలిచింది. రైలు టికెట్ల డబ్బు కంపెనీ గల్లాపెట్టెలో పడింది.

అంటే కాలేజీ ఆటల్లో వ్యాపారం మొదటి రోజు నుంచీ ఉంది. ఆడేవాడి చేతికి మాత్రం డబ్బు రాకూడదన్న నియమం ఆ తర్వాత పుట్టింది. నూరేళ్లకు పైగా నడిచిన ఆ నియమం మొన్న 2021లో, 2025లో రెండు విడతలుగా కూలింది. తెలుగు ఇళ్ల నుంచి వేల మంది పిల్లలు అక్కడ చదువుతున్నారు, కొందరు కాలేజీ జట్లలో ఆడుతున్నారు. కాబట్టి ఇది మనకు పట్టని సంగతి కాదు.

సొంత పేరుతో ఆడినందుకు

జిమ్ థోర్ప్ పేరు విన్నారా? అమెరికా ఆదివాసీ బిడ్డ. పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్లో చదువుకున్నాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. ఆటకు డబ్బు తీసుకోకూడదన్న నియమం ఒలింపిక్స్‌లోనూ ఉండేది. మరుసటి ఏడాదే ఆ పతకాలు లాక్కున్నారు. చేసిన నేరం ఏమిటంటే, 1909, 1910 వేసవుల్లో నార్త్ కరొలైనాలో కొద్దిపాటి జీతానికి బేస్‌బాల్ ఆడడం. ఆ రోజుల్లో కాలేజీ కుర్రాళ్లు చాలామంది అలా ఆడేవాళ్లు, కాకపోతే దొంగ పేర్లు పెట్టుకుని. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. 1953లో ఆయన కన్నుమూశాడు. 1982లో గానీ ఆయన పేరు విజేతల పట్టికలో మళ్లీ చేర్చలేదు, అదీ సహవిజేతగా. ఏకైక విజేత ఆయనేనని ఒలింపిక్ కమిటీ ప్రకటించింది 2022లో.

ఒక మాట వెనకున్న లెక్క

కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ పుట్టింది 1906లో. ఫుట్‌బాల్ మైదానాల్లో కుర్రాళ్లు చనిపోతున్నారని అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1905లో పెద్ద కాలేజీల వాళ్లను పిలిచి మాట్లాడాక, ఆటగాళ్లను కాపాడడానికి పెట్టిన సంస్థ ఇది. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, బంతి చేత్తో పట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్.

ఇప్పుడు అందరి నోటా వినిపించే ‘స్టూడెంట్ అథ్లెట్’ అనే మాట ఎలా పుట్టిందో తెలుసా? 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఆడుతూ రే డెనిసన్ అనే ఆటగాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చినట్టే తనకూ పరిహారం ఇమ్మని అతని భార్య అడిగింది. ఇలాంటి కేసులు నెగ్గితే ప్రతి కాలేజీ ప్రతి ఆటగాడికీ యజమాని అవుతుంది. అందుకే ఆటగాడు ఉద్యోగి కాదు, విద్యార్థి అని నొక్కి చెప్పే ఈ జంట పదాన్ని ఎన్‌సీఏఏ తయారు చేసి తన నియమాలన్నిటిలోకీ ఎక్కించింది. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు, కాలేజీ చేసేది ఫుట్‌బాల్ వ్యాపారం కాదు కాబట్టి పరిహారం రాదని తేల్చింది.

ఈ మాట వెనక సంగతి చెప్పింది ఎవరో బయటివాళ్లు కాదు. 1951 నుంచి 1987 దాకా ఎన్‌సీఏఏను నడిపిన వాల్టర్ బయర్స్ స్వయంగా 1995లో తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ వ్యవస్థను కట్టిన మనిషే చివరికి ఇది ఆటగాళ్లకు అన్యాయం చేస్తోందని రాశాడు. ఈ కథ మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే.

ఇడ్లీ సరే, చట్నీ కుదరదు

భోజనాల మధ్య ఆటగాళ్లకు కాలేజీ ఏం పెట్టొచ్చన్న దానికీ నిబంధన ఉండేది. పళ్లు, గింజలు, బేగెల్ అనే గుండ్రటి రొట్టె పెట్టొచ్చు. ఆ రొట్టె మీద క్రీమ్ చీజ్ రాస్తే మాత్రం అది ‘భోజనం’ కిందికి వస్తుంది, పెట్టకూడదు. ఇడ్లీ పెట్టు, చట్నీ వేశావా తప్పు అన్నట్టు! 2014లో కనెటికట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టును జాతీయ విజేతగా నిలిపిన షబాజ్ నేపియర్, తాను ఆకలితో పడుకున్న రాత్రులు ఉన్నాయని విలేఖరులతో చెప్పాడు. దేశమంతా ఉలిక్కిపడింది. ఆ నెలలోనే భోజనాల మీద ఉన్న పరిమితిని ఎన్‌సీఏఏ ఎత్తేసింది.

నేపియర్ జట్టు గెలిచిన ఆ జాతీయ టోర్నీ ప్రసార హక్కులకు ఎంత పలుకుతుందో తెలుసా? 2016లో టీవీ సంస్థలతో ఒప్పందాన్ని 2032 దాకా పొడిగించినప్పుడు, ఆ పొడిగింపు విలువే 880 కోట్ల డాలర్లు.

చొక్కా ఎవరిది?

2010లో జార్జియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు ఏ.జె. గ్రీన్ తాను వేసుకుని ఆడిన జెర్సీని 1,000 డాలర్లకు అమ్ముకున్నాడు. నాలుగు మ్యాచ్‌లు ఆడకుండా నిషేధించారు. అతని నంబరున్న జెర్సీలు మాత్రం కాలేజీ తరఫున దుకాణంలో అమ్ముడవుతూనే ఉన్నాయి. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీలో డొనాల్డ్ డి లా హే అనే ఫుట్‌బాల్ కిక్కర్ తన యూట్యూబ్ ఛానెల్ ద్వారా సంపాదిస్తున్నాడని అతన్ని ఆటకే అనర్హుడిని చేశారు. అదే కాలేజీలో పాటలు పాడే విద్యార్థికో, బొమ్మలు వేసే విద్యార్థికో ఈ అడ్డు లేదు. వాళ్లు ఎంతైనా సంపాదించుకోవచ్చు.

కాలేజీ జీతం ఇవ్వదు, బయట సంపాదించుకోనివ్వదు. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న మన సామెత అచ్చంగా దీనికే సరిపోతుంది.

ఉచితంగా చదువు చెబుతున్నారు కదా, అది చాలదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పూర్తి స్కాలర్‌షిప్ అంటే ఏడాదికి వేల డాలర్ల విలువ, కాదనను. కానీ అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ రాదు, చాలామందికి సగమో పావో వస్తుంది. పైగా మోకాలు విరిగితే ఆ కుర్రాడి ఆట ఆగిపోతుంది. అతని నంబరుతో అమ్మిన జెర్సీల డబ్బు మాత్రం అతనికి రాదు కదా.

టీవీ తెర మీద తన బొమ్మ

ఎడ్ ఓబానన్. 1995లో యూసీఎల్ఏ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టును జాతీయ ఛాంపియన్ చేసిన ఆటగాడు. ఎడమచేతి వాటం, నంబరు 31. ఆట నుంచి తప్పుకున్నాక లాస్ వేగాస్ ప్రాంతంలో కార్ల షోరూమ్‌లో సేల్స్ ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఒకరోజు స్నేహితుడి ఇంటికి వెళ్తే, అక్కడి పిల్లవాడు వీడియో గేమ్ ఆడుతున్నాడు. తెర మీద యూసీఎల్ఏ జట్టు. అందులో నున్నటి గుండు, ఎడమచేత్తో షాట్ కొట్టే 31 నంబరు ఆటగాడు. గేమ్‌లో పేరు రాయలేదు గానీ, అది తనేనని ఓబానన్‌కు చూసిన క్షణంలోనే అర్థమైంది. ముందు సంబరం వేసిందట. తర్వాత ఆ స్నేహితుడే అన్నాడట, ఈ గేమ్‌కి మేం డబ్బులు పోసి కొన్నాం, నీకు మాత్రం పైసా రాలేదు కదా అని.

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. 2009లో ఓబానన్ కోర్టుకెక్కాడు. 2014లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్, ఎన్‌సీఏఏ నియమాలు గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాయని తీర్పు ఇచ్చారు. పై కోర్టు ఆ తీర్పులో కొంత తగ్గించింది. అయినా గోడకు మొదటి బీట పడింది. గేమ్ తయారుచేసే ఈఏ స్పోర్ట్స్ 2013 తర్వాత కాలేజీ ఫుట్‌బాల్ గేమ్‌నే ఆపేసింది. 2024 జులైలో అది మళ్లీ బజారులోకి వచ్చింది. ఈసారి తమ పేరు, రూపం వాడుకోవడానికి ఒప్పుకున్న ఒక్కో ఆటగాడికీ 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చి. 600 పెద్ద మొత్తం కాదు, నిజమే. ఓబానన్‌కు ఆనాడు అందనిది వీళ్లకు అందింది, అది చాలా పెద్ద సంగతి.

తొమ్మిదికి తొమ్మిది

2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చు, కాలేజీలు అడ్డుపడకూడదని. గవర్నర్ గవిన్ న్యూసమ్ బాస్కెట్‌బాల్ తార లెబ్రాన్ జేమ్స్ కార్యక్రమంలో కూర్చుని దాని మీద సంతకం చేశాడు. 2021 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు ఆల్‌స్టన్ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. నిజానికి ఆ కేసు కంప్యూటర్లు, ఇంటర్న్‌షిప్‌లు లాంటి చదువు సంబంధమైన ప్రయోజనాల వరకే. కానీ ఎన్‌సీఏఏ చట్టానికి అతీతం కాదని అందరికీ తెలిసిపోయింది. పది రోజులు తిరక్కుండా, జులై 1 నుంచి ఆటగాళ్లు ప్రకటనల్లో సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. ఆ మొదటి రోజే ఒప్పందం కుదుర్చుకున్నవాళ్లలో ఫ్రెస్నో స్టేట్ బాస్కెట్‌బాల్ ఆడే కవలలు హేలీ, హానా కావిండర్ ఉన్నారు. అమ్మాయిలు! మహిళల ఆటకు గిరాకీ లేదని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాటకు అదే జవాబు.

ఇక రెండో విడత. అరిజోనా స్టేట్ ఈతగాడు గ్రాంట్ హౌస్ వేసిన దావా 2025 జూన్ 6న రాజీతో ముగిసింది. ఆమోదించింది మళ్లీ క్లాడియా విల్కెనే. 2016 నుంచి ఆడినవాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి. అంతేకాదు, 2025-26 నుంచి ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు, ఆ మొదటి ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా.

ఆ పంపకంలోనే ఇప్పుడు అసలు తగువు ఉంది. పాత బకాయిల్లో సింహభాగం ఫుట్‌బాల్‌కు, మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కు పోతోందని, చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టానికి ఇది విరుద్ధమని ఎనిమిది మంది క్రీడాకారిణులు అప్పీలు చేశారు. వాళ్ల వాదనలో బలం ఉందనే నా అభిప్రాయం. మరోవైపు ఈత, కుస్తీ, టెన్నిస్ లాంటి ఆదాయం లేని ఆటల జట్లను కాలేజీలు ఎత్తేస్తాయన్న భయం ఉంది. ఆ భయమూ కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఆ జట్ల ఖర్చును ఫుట్‌బాల్ ఆడే పేదింటి కుర్రాడి మీద వేయడం పరిష్కారం కాదు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం నుంచి అత్యధిక జీతం తీసుకునేది గవర్నర్ కాదు, యూనివర్సిటీ జట్టు కోచ్. కోత పెట్టాలంటే అక్కడ మొదలుపెట్టొచ్చు.

మన పిల్లల సంగతి

2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన మన సాకేత్ మైనేని, అమెరికాలో అలబామా యూనివర్సిటీ తరఫున ఆడి వచ్చినవాడే. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో జొకోవిచ్ దగ్గర తొలి సెట్ లాక్కున్న నిశేష్ బసవారెడ్డి తల్లిదండ్రులది నెల్లూరు. నిశేష్ స్టాన్‌ఫర్డ్ జట్టులో ఆడుతూ, 2024 డిసెంబరులో కాలేజీ ఆట వదిలి ప్రొఫెషనల్ అయ్యాడు. కాలేజీ ఆటగాడిగా ఉన్నంతకాలం టోర్నీల్లో గెలిచిన సొమ్ములో ఖర్చులకు మించి తీసుకోవడానికి అప్పటి నియమాలు ఒప్పుకునేవి కావు. నార్త్ కరొలైనా యూనివర్సిటీ క్రీడాకారిణి రీస్ బ్రాంట్‌మైర్, 2021 యూఎస్ ఓపెన్‌లో గెలుచుకున్న సుమారు 49 వేల డాలర్లలో చాలా భాగం వదులుకోవాల్సి వచ్చిందని 2024లో దావా వేసింది. రాకెట్లు, విమానాలు, కోచ్ అన్నీ సొంత డబ్బుతో పెట్టుకునే టెన్నిస్‌లో ఆ సొమ్ము విలువ ఎంతో ఏ ఆటగాడి తండ్రిని అడిగినా చెబుతాడు.

అక్కడే పుట్టిన పిల్లలకు తలుపులు తెరుచుకున్నాయి. ఇక్కడి నుంచి ఎఫ్-1 వీసా మీద వెళ్లే పిల్లలకు మాత్రం ఇంకా సగం మూసే ఉన్నాయి. ఎన్‌సీఏఏ జట్లలో విదేశీ ఆటగాళ్లు ఇరవై వేలకు పైనే ఉంటారు. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు. ప్రకటన షూటింగ్‌లో పాల్గొన్నా, డబ్బు తీసుకుని పోస్టు పెట్టినా అది పని కిందికి రావచ్చు. 2022లో దేశంలోనే ఉత్తమ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడిగా ఎంపికైన కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే, అమెరికా గడ్డ మీద ఆ పని చేయడానికి వీల్లేక, కెంటకీ జట్టు బహామాస్ పర్యటనకు వెళ్లినప్పుడు అక్కడ షూటింగులు చేసుకున్నాడు. పక్కనే కూర్చుని, ఒకే జెర్సీ వేసుకుని, ఒకే మ్యాచ్ ఆడే ఇద్దరిలో ఒకడు సంపాదించుకోవచ్చు, మరొకడు దేశం దాటి వెళ్లాలి. ఈ నియమం మారాలి.

మారేదాకా ఒక్క మాట. మీ ఇంట్లోగానీ, బంధువుల్లోగానీ ఎఫ్-1 మీద వెళ్లి కాలేజీ జట్టులో ఆడే పిల్లలుంటే ఇది తప్పకుండా చెప్పండి. ఎవరైనా డబ్బు ఇస్తాం, ఒక వీడియో చేయమంటే, సంతకం పెట్టే ముందు కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును, ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగమనండి. కోచ్ సరేనన్నా, ఎన్‌సీఏఏ సరేనన్నా, వీసా చూసేది వాళ్లు కాదు.