గుండెలో ఇనుమును కొలిచే అయస్కాంతం

1977 జులై 3న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో రేమండ్ డమాడియన్ బృందం, తాము సొంతంగా కట్టుకున్న ఎమ్మారై యంత్రంతో ఒక మనిషి ఛాతీని చిత్రించింది. అందుకు దాదాపు ఐదు గంటలు పట్టింది. ఆ ఐదు గంటల్లో గుండె ఇరవై వేలసార్లు కొట్టుకుంటుంది. కదలని వాటిని చూడటానికే ఆపసోపాలు పడుతున్న ఎమ్మారై, క్షణం ఆగని గుండెను ఎలా చూస్తుంది?

1980ల్లో ఎమ్మారైకి ఈసీజీని జతచేశారు. ప్రతి స్పందనలోనూ ఒకే దశ దగ్గర కొంచెం కొంచెంగా సమాచారం పోగుచేసి, అన్నీ కలిపితే గుండె నిలకడగా కనిపించింది. 1990ల చివర చికాగోలో రేమండ్ కిమ్, రాబర్ట్ జడ్ గాడోలినియం మందు ఎక్కించి, కండరంలో చచ్చిన భాగం తెల్లగా మెరిసేలా చేశారు. గుండెపోటు మచ్చ గోడ లోపలి అంచున మొదలవుతుంది. గుండె సాగిపోయే కండర జబ్బులో మచ్చ ఉంటే, అది తరచు గోడ నడిమధ్యన కనిపిస్తుంది. మచ్చ ఎక్కడుందో చూసి జబ్బు మూలం పట్టుకోవచ్చన్నమాట.

అయితే ఈ యంత్రం చేసిన అన్నిటికన్నా గొప్ప పని, నా దృష్టిలో, తలసీమియా పిల్లల కోసం చేసింది. వాళ్లు బతకాలంటే మూడు నాలుగు వారాలకోసారి నెత్తురు ఎక్కించాలి. ఒక్కో సంచీతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండె కండరంలో పేరుకుంటుంది. ఎకోలో గుండె బలహీనపడినట్టు తెలిసేసరికి చాలా ఆలస్యమైపోతుంది. రక్తంలో ఫెర్రిటిన్ లెక్క, కాలేయంలో ఇనుము లెక్క గుండె సంగతిని నమ్మకంగా చెప్పలేవు.

ఎమ్మారైకి ఇనుము అంటే పడదు. రేడియో తరంగాలకు స్పందించి హైడ్రోజన్ కేంద్రకాలు పంపే సంకేతం, దగ్గర్లో ఇనుముంటే త్వరగా ఆరిపోతుంది, చిత్రం నల్లబడుతుంది. లండన్ రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో డడ్లీ పెన్నెల్ బృందం సంకేతం అలా ఆరిపోవడానికి పట్టే సమయాన్నే కొలతగా మార్చి 2001లో ప్రచురించింది. దాని పేరు టీ-టూ స్టార్. 20 మిల్లీసెకన్ల కన్నా తక్కువ వస్తే గుండెలో ఇనుము చేరినట్టు, 10 కన్నా తగ్గితే ప్రమాదం ముంచుకొస్తున్నట్టు. గుండె ఇంకా బాగానే కొట్టుకుంటున్నప్పుడే ఇది తెలుస్తుంది కాబట్టి, ఇనుమును తొలగించే మందుల మోతాదు పెంచో, రెండు మందులు కలిపి ఇచ్చో కాపాడుకోవచ్చు. కాలం దాటకుండా మొదలుపెడితే గుండె మళ్లీ కోలుకుంటుంది కూడా.

బ్రిటన్‌లో 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే, ఇనుము పేరుకుని చనిపోయే తలసీమియా రోగుల రేటు అంతకుముందుతో పోలిస్తే దాదాపు 70 శాతం తగ్గింది. అందులో మెరుగైన మందుల పాత్ర కూడా ఉంది. కానీ ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వాలో చెప్పింది మాత్రం ఈ కొలతే. మన దేశంలో తలసీమియాతో ఏటా వేలమంది పిల్లలు పుడుతున్నారు. వాళ్లందరికీ ఈ పరీక్ష ఏడాదికోసారైనా అందాలి. ఇందుకు సూది గుచ్చాల్సిన పని లేదు. కాస్త ఎదిగిన పిల్లలు పదిహేను సెకన్ల పాటు ఊపిరి బిగబడితే గుండె కొలత చేతికొస్తుంది.